మన ఖాతాల మధ్య మూడో మనిషి ఎందుకు?

రెండు బ్యాంకుల్లో ఖాతాలున్నవాళ్లు వాటిని కలుపుకోవాలంటే మధ్యలో ఓ యాప్ ఉండి తీరాలన్న మాట ఇప్పుడు వేదవాక్కయి కూర్చుంది. ఆఫీసు క్యాంటీన్లో టీ తాగుతూ చెప్పుకునేదీ అదే, యూట్యూబ్‌లో పొదుపు పాఠాలు చెప్పే కుర్రాళ్లు వల్లించేదీ అదే. "అన్ని ఖాతాలూ ఒక్కచోట" అని ఊదరగొట్టే ప్రకటనలకు లెక్కే లేదు. "నాకెందుకండీ, బ్యాంకుతోనే చూసుకుంటాను" అన్నవాళ్లను పాతచింతకాయ పచ్చడి కింద జమకడతారు. ఈ అభిప్రాయంలో సగం పాలు నిజముందని సర్దిచెప్పడానికి కూడా నాకు మనసొప్పడం లేదు. అది మొదలంటా తప్పు. మన ఖాతాలను కలిపి ఉంచింది బ్యాంకులే. ఆ కలయికను యాప్ మనకు చూపిస్తుంది, చూపిస్తూ తానూ చూస్తుంది.

తేదీలు చూస్తే ఈ భ్రమ నిలవదు. ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే నెఫ్ట్ 2005 నవంబరులో వచ్చింది. అప్పటికప్పుడు పంపే ఐఎంపీఎస్ 2010 నవంబరులో వచ్చింది. ఫోన్‌పే పుట్టింది 2015 డిసెంబరులో. యూపీఐ మొదలైంది 2016 ఏప్రిల్లో. అంటే ఇవాళ "ఇది లేకపోతే ఖాతాలెలా కలుస్తాయి" అని మనం అమాయకంగా అడుగుతున్న యాప్‌లకన్నా పదేళ్ల ముందే మన ఖాతాలు కలిసే ఉన్నాయి. కాకపోతే అప్పట్లో నెఫ్ట్‌కు వేళలుండేవి, రుసుములుండేవి, ఆదివారం పంపితే సోమవారం దాకా దిక్కులేదు. ఆ ఇబ్బందులు నిజమే, కానీ అవి తీరిపోయి చాలాకాలమైంది. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్ రాత్రీపగలూ, సెలవు రోజుల్లో కూడా అరగంటకోసారి నడుస్తోంది. 2020 జనవరి నుంచి సేవింగ్స్ ఖాతాదారు ఆన్‌లైన్‌లో చేసే నెఫ్ట్‌కు బ్యాంకు పైసా వసూలు చేయకూడదు. ఈ సంగతి ప్రకటనల్లో కనపడదు. ఉచితంగా నడిచే రోడ్డుకు ప్రకటన ఇచ్చేదెవరు?

మన ఇళ్లలో ఖాతాలు ఎక్కువైన మాట వాస్తవం. ఉద్యోగం మారినప్పుడల్లా కంపెనీ చెప్పిన బ్యాంకులో కొత్త జీతం ఖాతా. ఇంటి అప్పు ఇచ్చిన బ్యాంకులో వాయిదాల కోసం మరొకటి. ఊళ్లో పంట రుణానికి గ్రామీణ బ్యాంకులో ఇంకొకటి. నాన్నగారి కాలం నాటి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ పాస్‌బుక్ 2017 ఏప్రిల్లో ఎస్‌బీఐది అయిపోయింది. ఆంధ్రా బ్యాంకు ఖాతా 2020 ఏప్రిల్లో యూనియన్ బ్యాంకులో కలిసింది, ఆ మరుసటి ఏడాది ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ కూడా మారింది. ఏ ఖాతాలో ఎంత ఉందో, ఏ ఈఎంఐ ఎక్కడ కట్ అవుతోందో తెలియక సతమతమయ్యేవాళ్లున్నారు. వాళ్ల కష్టాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆ కష్టానికి మందు బయటి కంపెనీ దగ్గరే ఉందన్నదే ఒప్పుకోను.

యూపీఐ యాప్‌లో "బ్యాంకు ఖాతా లింక్ చేయండి" అని నొక్కినప్పుడు ఏం జరుగుతుందో ఎప్పుడైనా గమనించారా? మన ఫోన్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ దానంతటదే వెళుతుంది. ఈ సిమ్ ఈ ఫోన్‌లోనే ఉందని తేలుతుంది. తర్వాత మనం ఎంచుకున్న బ్యాంకును నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ద్వారా అడుగుతారు: ఈ నంబరు మీద మీ దగ్గర ఏ ఖాతాలున్నాయి? బ్యాంకు జవాబిస్తుంది. ఆ జవాబే తెరమీద మన ఖాతాల జాబితాగా కనపడుతుంది. అంటే అసలు ముడి ఏనాడో మనం బ్యాంకు శాఖకు వెళ్లి మొబైల్ నంబరు రాసిచ్చిన కాగితంతోనే పడింది. ఏ యాప్ పెట్టినా అదే ముడి, అదే జాబితా. ఆ జాబితాను బ్యాంకు సొంత యాప్‌లోనూ చూడవచ్చు. వేరే బ్యాంకు ఖాతాలను కూడా తమ యాప్‌లో కలుపుకునే వీలును ఐసీఐసీఐ 2020 డిసెంబరులో ఇచ్చింది, ఎస్‌బీఐ తన యోనోలో 2023 జులైలో ఇచ్చింది. పేమెంట్స్ కార్పొరేషన్ వారి భీమ్ యాప్ 2016 డిసెంబరు చివరి నుంచీ ఉంది. పిన్ కొడితే ఏ ఖాతాలో ఎంత ఉందో ఆయా బ్యాంకే చెబుతుంది. (2025 ఆగస్టు నుంచి ఒక్కో యాప్‌లో రోజుకు యాభై సార్లకు మించి బ్యాలెన్స్ చూడటానికి లేదు. అంతకన్నా ఎక్కువసార్లు చూడాలనిపించేవారికి కావలసింది యాప్ కాదు, డాక్టరు.)

యూపీఐ కూడా వద్దనుకునేవారి దారి ఇంకా సులువు. జీతమో పింఛనో పడే ఖాతాను పెద్ద ఖాతాగా పెట్టుకోండి. దాని నెట్ బ్యాంకింగ్‌లో మీవే అయిన మిగతా ఖాతాలను బెనిఫిషియరీలుగా చేర్చండి. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, అంతే. నంబరులో ఒక్క అంకె తప్పితే డబ్బు ఎవరి ఖాతాలోకి పోతుందోనన్న భయం ఇదివరకు ఉండేది, అది న్యాయమైన భయమే. 2025 ఏప్రిల్ 1 నాటికి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో పంపబోయే ముందే అవతలి ఖాతాదారు పేరు చూపించే ఏర్పాటు చేయాలని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులనూ ఆదేశించింది. పేరు చూసుకుని, తొలిసారి ఒక్క రూపాయి పంపి, అది చేరాక మిగతాది పంపితే సరిపోతుంది. ప్రతి నెలా ఫలానా తేదీన ఇంత మొత్తం ఇంటి అప్పు ఖాతాకు వెళ్లాలని స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చే వీలు చాలా బ్యాంకుల్లో ఉంది. నెలవారీ స్టేట్‌మెంట్లన్నీ ఒకే ఈమెయిల్‌కు వచ్చేలా పెట్టుకుని, ఎక్సెల్ రూపంలో దించుకుని, ఒక షీటులో ఒకదాని కింద ఒకటి అతికిస్తే ఇంటి లెక్క మొత్తం కనపడుతుంది. నెలకు ఓ గంట పని. ఆ గంటలో, ఎప్పుడో మరిచిపోయిన చందా ఒకటి నెలనెలా కోతపడుతుండటం కూడా కంటపడుతుంది. రంగురంగుల పటాలు చూపించే యాప్‌లో చూపు వాటి మీదుగా జారిపోతుంది, చేత్తో అతికించిన వరుసను చదవక తప్పదు.

"ఇంత తంటా ఎందుకు, యాప్ హాయిగా ఉంది కదా" అనేవారికి రెండు తేదీలు గుర్తుచేస్తాను. 2020 మార్చి 5 సాయంత్రం యెస్ బ్యాంకుపై మారటోరియం పడింది. ఫోన్‌పే అప్పట్లో యూపీఐ లావాదేవీలకు ఆ ఒక్క బ్యాంకు మీదే ఆధారపడి ఉంది. తెల్లారేసరికి లక్షల మందికి యాప్ పనిచేయలేదు. వాళ్లలో యెస్ బ్యాంకు గడప ఏనాడూ తొక్కనివాళ్లే ఎక్కువ. వాళ్ల డబ్బు ఎస్‌బీఐలోనో కెనరాలోనో భద్రంగా ఉంది, కానీ దాన్ని చేరుకునే దారి తమకు తెలియని మరో బ్యాంకు మీదుగా పోతోందని ఆ రోజే తెలిసింది. కంపెనీ వెంటనే మరో బ్యాంకుకు మారి సేవలను నిలబెట్టుకుంది, ఆ చురుకుదనాన్ని మెచ్చుకోవాలి. ఇక 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించింది. గడువు చివరికి మార్చి 15 అయింది. ఆ ఆరు వారాలూ చిన్న దుకాణదారులు గోడమీది క్యూఆర్ కోడ్ పనిచేస్తుందో లేదో తెలియక తంటాలు పడ్డారు. రెండు సందర్భాల్లోనూ ఆ రెండూ కాని వేరే బ్యాంకులతో నేరుగా వ్యవహారం పెట్టుకున్నవారికి చీమ కుట్టినట్టయినా లేదు. అయినా మనం నేర్చుకున్నది తక్కువే. యూపీఐ లావాదేవీల్లో దాదాపు ఎనభై శాతం ఇవాళ రెండే యాప్‌ల చేతిలో ఉన్నాయి. ఏ ఒక్క యాప్ వాటా ముప్పై శాతం దాటకూడదని పేమెంట్స్ కార్పొరేషన్ 2020 నవంబరులో నియమం పెట్టింది. దాని అమలు గడువు మాత్రం 2022 నుంచి 2024కు, అక్కడి నుంచి 2026 డిసెంబరుకు జరుగుతూ వచ్చింది.

ఉచితం అన్న మాట సంగతికొద్దాం. 2020 జనవరి నుంచి మామూలు యూపీఐ చెల్లింపు మీద వ్యాపారి నుంచి కూడా రుసుము వసూలు చేయకూడదు. మరి అన్ని వేలమంది ఉద్యోగులు, అన్ని క్యాష్‌బ్యాక్‌లు, క్రికెట్ మ్యాచ్‌ల మధ్య అన్ని ప్రకటనలు ఎలా నడుస్తున్నాయి? అప్పులు, బీమాలు, ఫండ్లు మనకు అమ్మిపెట్టి కమిషన్ తీసుకుంటారు. ఎవరికి ఏది అమ్మాలో తెలియాలంటే ఎవరి జేబులో ఎంతుందో తెలియాలి. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ ఏజెంటు తన కమిషన్ ఎంతో చీటీ మీద రాస్తాడు. రైతు ఆ అంకె చూసి గొణుక్కోనైనా గొణుక్కుంటాడు. ఇక్కడ ఆ చీటీ కూడా లేదు.

వ్యాపారం చేసుకోవడం నేరం కాదు, అది ఒప్పుకుంటాను. యూపీఐ యాప్‌లకు ఒక న్యాయం కూడా చేయాలి. మనం కొట్టే పిన్ ఆ యాప్‌కు తెలియదు. ఆ గడి పేమెంట్స్ కార్పొరేషన్ వారిది, పిన్ గుప్తలిపిలో బ్యాంకుకు చేరుతుంది. అసలు ప్రమాదం ఇంకో రకం "లింకు"తో ఉంది. అప్పు కావాలన్నా, ఖర్చుల పట్టిక కావాలన్నా "మీ నెట్ బ్యాంకింగ్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఇక్కడ ఇవ్వండి, మేం స్టేట్‌మెంట్ తెచ్చుకుంటాం" అనేవారున్నారు. ఎస్సెమ్మెస్‌లన్నీ చదివే అనుమతి అడిగేవారున్నారు. బ్యాంకు సందేశాలు చదవడానికే అంటారు, కానీ ఓటీపీ కూడా అదే పెట్టెలో పడుతుంది. "బ్యాంకు స్థాయి భద్రత" అని పక్కనే తాళం బొమ్మ వేస్తారు. ఆ బొమ్మకన్నా 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ చదవడం మేలు. తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా డబ్బు పోయి, మూడు పనిదినాల్లోపు మనం తెలియజేస్తే మన మీద భారం సున్నా. పాస్‌వర్డ్ వంటి రహస్య వివరాలు మనమే మరొకరికి ఇవ్వడం వల్ల పోతే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టమంతా మనదే. మూడో మనిషి చేతిలో పాస్‌వర్డ్ పెట్టిన క్షణాన ఆ రక్షణను మనమే వదులుకున్నట్టు. యాప్‌ల నిబంధనల్లో ఈ ముక్క పెద్దక్షరాల్లో ఎక్కడైనా రాసి ఉంటే నాకు చూపించండి.

ఈ భయం గాలిలోంచి పుట్టింది కాదు. 2020 చివరి నెలల్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు మనం చదివాం. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కుని బంధుమిత్రులకు ఫోన్లు చేసి పరువు తీయడమే వాళ్ల వసూలు పద్ధతి. ఆ అనుమతి ఇచ్చింది అప్పు తీసుకున్నవారే, తెరమీద ఒక్క నొక్కుతో. దాని తర్వాత 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పుల మీద తెచ్చిన మార్గదర్శకాలు ఏం చెప్పాయి? అప్పు సొమ్ము రుణదాత ఖాతా నుంచి నేరుగా అప్పు తీసుకున్నవారి ఖాతాలోనే పడాలి, వాయిదా నేరుగా రుణదాత ఖాతాకే చేరాలి, మధ్యలో మూడో పక్షపు ఖాతా ఉండకూడదు. ఫోన్‌లోని కాంటాక్టులు, ఫైళ్లు, కాల్ జాబితా జోలికి పోకూడదు. ప్రాణాలు పోయాక నియంత్రణ సంస్థ తేల్చిన మాట అది. దాన్నే మామూలు రోజుల్లో మామూలు ఖాతాదారు అంటే పాతకాలపు మనిషి అవుతాడు!

హైదరాబాద్ వాళ్లకు ఇంకో ఉదాహరణ అక్కర్లేదు గాని, చెప్పకుండా దాటలేను. కార్వీ స్టాక్ బ్రోకింగ్. షేర్ల లావాదేవీలు సులువవుతాయని ఖాతాదారులు పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకాలు చేశారు. ఆ అధికారాన్ని ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తేవడానికి వాడుకున్నారని షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2019 నవంబరులో ఆదేశాలిచ్చింది. ఆ షేర్ల విలువ రెండు వేల కోట్లకు పైమాటే. ఊరూపేరూ లేని సంస్థ కాదు, మన కళ్లముందు పెరిగిన పెద్ద పేరు. అలాంటి చోట కూడా సౌకర్యం కోసం ఇచ్చిన అధికారం అలా మారింది. ఆ తర్వాత తాకట్టు పద్ధతినీ, పవర్ ఆఫ్ అటార్నీ పరిధినీ సెబీ బిగించింది. అంతకు చాలా ముందే, ఐపీఓ దరఖాస్తు సొమ్ము బ్రోకరు చేతికి పోకుండా మన బ్యాంకు ఖాతాలోనే ఆగి ఉండే పద్ధతిని 2016 నుంచి అందరికీ తప్పనిసరి చేసింది కూడా సెబీనే. మధ్యవర్తిని తప్పిస్తే ఆధునికత ఆగిపోతుందన్నవాళ్లు ఈ పద్ధతి చూసి ఏమంటారు?

ఎదుటిపక్షంలో అన్నిటికన్నా బలమైన వాదన అకౌంట్ అగ్రిగేటర్లది, అంటే మన సమ్మతితో మన ఖాతాల సమాచారాన్ని అడిగిన కంపెనీకి చేరవేసే సంస్థలది. దాన్ని తీసిపారేయడం తగదు. 2016 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమాలు రాసింది, సరిగ్గా ఐదేళ్లకు 2021 సెప్టెంబరులో వ్యవస్థ మొదలైంది. అగ్రిగేటర్ మన పాస్‌వర్డ్ అడగకూడదు, దాచకూడదు. మన సమాచారం గుప్తలిపిలో దాని మీదుగా పోతుందే తప్ప అది చదవలేదు. ఏ సమాచారం, ఎవరికి, ఎంతకాలం అన్నది మన సమ్మతిలో రాసి ఉండాలి, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. పాస్‌వర్డ్ లాక్కునే పద్ధతితో పోలిస్తే ఇది నూరుపాళ్లు మెరుగు. అయితే ఇది మన ఖాతాలను కలుపుతుందా? ఒక్క రూపాయిని కూడా కదపదు. డబ్బు కదలాలంటే మళ్లీ బ్యాంకే దిక్కు. సమాచారాన్ని ఎవరికి చేరవేస్తుంది? అవతల నిలబడగలిగింది ఏదో ఒక ఆర్థిక నియంత్రణ సంస్థ కింద నమోదైన కంపెనీ మాత్రమే. నా లెక్క నా కంప్యూటర్‌లోకి నేరుగా తెచ్చుకుంటానంటే ఆ చివర నాకు చోటు లేదు. 2016 నాటి నిర్వచనంలో ఖాతాదారుకు సమాచారం చూపించడం కూడా ఉంది, కానీ ఆచరణలో ఈ వ్యవస్థ గురించి మాట్లాడేవారు ఎన్ని అప్పులు ఇప్పించిందనే చెబుతారు. ఇక సమ్మతి అంటారా, ఆసుపత్రి బిల్లు కట్టడానికి అప్పు కోసం నిలబడ్డవారు "అంగీకరిస్తున్నాను" గాక ఇంకేం నొక్కుతారు? అగ్రిగేటర్ గుడ్డిదైనా, అవతల సమాచారం విప్పి చదివే కంపెనీకి రెండు కళ్లూ ఉన్నాయి.

బ్యాంకు ఖాతాలను యాప్‌లకు కలిపే కంపెనీ ప్లెయిడ్ గురించి అమెరికాలో ఉన్న మనవాళ్లు "ఇక్కడ ప్లెయిడ్ లేకుండా గడవదు" అంటుంటారు. అదీ పూర్తి నిజం కాదు. రెండు ఖాతాలను కలపడానికి అక్కడ పాత పద్ధతి ఒకటి ఇంకా ఉంది. రౌటింగ్ నంబరు, ఖాతా నంబరు ఇస్తే, ఒకట్రెండు పనిదినాల్లో కొన్ని సెంట్ల చొప్పున రెండు చిన్న మొత్తాలు జమ అవుతాయి. అవెంతో చూసి చెబితే ఖాతా కలుస్తుంది, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. రెండు రోజులు ఆగలేనివారు బ్యాంకు లాగిన్ పేజీలా కనిపించే ప్లెయిడ్ గడిలో పాస్‌వర్డ్ కొడుతూ వచ్చారు. ఆ తీరు మీద వేసిన దావాను ప్లెయిడ్ 5.8 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది, తప్పు ఒప్పుకోకుండానే. అన్ని ఖాతాలనూ ఒక్కచోట చూపించే మింట్‌ను యజమాని సంస్థ ఇన్‌ట్యూట్ 2024 మార్చిలో మూసేసింది. ఏళ్ల తరబడి అందులో పేర్చుకున్న లెక్కలను దించుకోవడానికి దాని వాడకందార్లు పరుగులు పెట్టాల్సి వచ్చింది. సొంత షీటులో రాసుకున్నవాళ్లకు ఆ పరుగు లేదు.

"మరి పేమెంట్స్ కార్పొరేషన్ మూడో మనిషి కాదా?" అని ఒక గడుసు ప్రశ్న వస్తుంది. అది బ్యాంకులు కలిసి పెట్టుకున్న సంస్థ, 2007 నాటి చెల్లింపుల చట్టం కింద రిజర్వు బ్యాంకు అదుపులో నడుస్తుంది, మన లెక్క చూసి మనకు బీమా అమ్మదు. ఆ తేడా నాకు చాలు.

నిజానికి యాప్‌ల పక్షాన నిలబడగల వాదన ఒక్కటే: బ్యాంకుల సొంత యాప్‌లు చాలా అధ్వాన్నం. నిజమే. తెరుచుకోవడానికే బద్ధకిస్తాయి, మూడుసార్లు ఓటీపీ అడుగుతాయి, సరిగ్గా ఒకటో తారీఖునే మొరాయిస్తాయి. స్టేట్‌మెంట్ ఒక్కో బ్యాంకుది ఒక్కో తీరు. ఒకరు తేదీ ముందు రాస్తే ఒకరు మొత్తం ముందు రాస్తారు, కొందరు పీడీఎఫ్ తప్ప మరేదీ ఇవ్వరు. ఇది బ్యాంకుల సిగ్గు. అయితే ఈ సిగ్గును దళారుల చాటున దాచుకునే వీలు వాళ్లకు కల్పిస్తున్నది మనమే. అడిగేవాడు లేనిదే ఏ బ్యాంకూ బాగుపడదు. అన్ని బ్యాంకులూ ఒకే నమూనాలో, కంప్యూటర్ చదవగల రూపంలో ఖాతాదారుకు ఉచితంగా స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఒక్క ఆదేశం ఇస్తే "అన్నీ ఒక్కచోట" వ్యాపారంలో సగం ఆ రోజే అవసరం లేకుండా పోతుంది. అప్పు ఇచ్చే కంపెనీల కోసం ఒకే నమూనా తయారుచేయగలిగినవారు ఖాతాదారు కోసం చేయలేరా?

అందాకా మీ చేతిలో ఉన్నవి చేయండి. ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్లి ఎస్సెమ్మెస్ చదివే అనుమతి ఏ యాప్‌లకుందో చూసి అక్కర్లేనివాటికి తీసేయండి. వాడని యూపీఐ యాప్‌ను ఊరికే డిలీట్ చేస్తే సరిపోదు. ముందు అందులోంచి ఖాతాను తొలగించి, యూపీఐ ఐడీ రద్దు చేయండి. ఎక్కడైనా నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే ఇవాళే మార్చండి. అప్పు ఇచ్చేవారు స్టేట్‌మెంట్ అడిగితే బ్యాంకు నుంచి మీరే దించుకున్న పీడీఎఫ్ ఇవ్వండి. మీ బ్యాంకు సేవలో లోపముంటే దానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. దానికి రుసుము లేదు, వకీలూ అక్కర్లేదు.